మూడేళ్ల డక్‌డీబీ: ఫైలు పేరు ఇవ్వని ఆ రోజు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణానికి లెక్కలు చూస్తాను. మూడేళ్లుగా పాత తక్‌పట్టీల (రైతు సరుకు అమ్మకపు చీటీల) లెక్కలన్నీ డక్‌డీబీ అనే డేటాబేస్‌లోనే తీస్తున్నాను. సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ వస్తే చాలు, ఇవన్నీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది అది డేటాను దాచుకునే తీరు గురించి.

మొదట్లో ఫైలు పేరు ఇవ్వకుండానే తెరిచేవాణ్ని. అలా తెరిస్తే టేబుళ్లన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. ఆ వేగానికి మురిసిపోయాను. మార్చి నెల, మిర్చి సీజన్, మార్కెట్ నిండా ఘాటు. పొద్దున్నుంచి నాలుగేళ్ల సీఎస్‌వీలు (కామాలతో విడదీసిన లెక్కల ఫైళ్లు) ఎక్కించి, 'తేజ' అనే మిర్చి రకాన్ని ఒకరు 'తేజా' అని, ఇంకొకరు 'తే.' అని రాసినవన్నీ సరిచేసి, సాయంత్రానికి రకం వారీగా సగటు ధర దాకా వచ్చాను. కరెంటు పోయింది. సిస్టమ్‌కు యూపీఎస్ లేదు. వచ్చాక చూస్తే సీఎస్‌వీలు ఉన్నాయి, నేను సరిచేసింది ఒక్క లైను కూడా లేదు. "లెక్క అయిందా తమ్మీ?" అని సేటు అడిగితే నోట మాట రాలేదు. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని మొత్తం మళ్లీ చేశాను.

మర్నాటి నుంచి ఫైలు పేరు ఇచ్చి తెరుస్తున్నాను. నెమ్మదిస్తుందని భయపడ్డాను. అలా కాలేదు, పైగా కొన్ని లెక్కలు మునుపటికన్నా తొందరగా వచ్చాయి! ర్యామ్‌లోని టేబుళ్లను అది మామూలుగా కుదించదు, ఫైల్లోకి రాసేటప్పుడే కుదిస్తుంది. ఒక్కో కాలమ్‌ను విడిగా దాస్తుంది కాబట్టి 'తేజ' అన్న మాటను వేలసార్లు రాయదు. ఒకచోట రాసుకుని, మిగతా చోట్ల చిన్న అంకె పెట్టుకుంటుంది. 1,22,880 వరసలకు ఒక గుంపు కట్టి, గుంపులో అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు గుర్తుపెట్టుకుంటుంది. తేదీ వారీగా ఎక్కిస్తే, ఏప్రిల్ లెక్క అడిగినప్పుడు ఏప్రిల్ లేని గుంపుల జోలికే పోదు. ఒకసారి వ్యాపారి వారీగా ఎక్కించి చూశాను, అన్ని నెలలూ అన్ని గుంపుల్లో కలిసిపోయి ఆ లాభం పోయింది.

కిందటి వానాకాలం పని మధ్యలో మళ్లీ కరెంటు పోయింది. ఈసారి డేటా ఫైలు పక్కన 'వాల్' అనే చిన్న ఫైలు (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) మిగిలింది. చెత్త అనుకుని తీసేయబోయి ఆగాను. డేటాబేస్ తెరవగానే దాన్ని తనే చదువుకుని, కమిట్ అయిన (ఖాయమైన) మార్పులన్నీ తిరిగి పెట్టేసింది. మధ్యలో తెగిన ఒక్క ఫైలు మళ్లీ ఎక్కించాను, అంతే. ఆ రోజు పొందిన నిమ్మళం ఇంకా గుర్తుంది.

వేగం అన్నాను గానీ, అది ఒక్కసారిగా ఎక్కించినప్పటి మాట. ఒక్కో తక్‌పట్టీని ఒక్కో ఇన్సర్ట్‌తో (వరస చేర్చే ఆదేశంతో) పెడితే బాగా సాగదీస్తుంది. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ఒకే ఫైల్లో రాయలేవు కూడా. అందుకే బిల్లింగ్ పాత సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తోంది, రాత్రికి దాని సీఎస్‌వీ తీసి ఇందులోకి ఎక్కిస్తాను.

నాది 8 జీబీ ర్యామ్, వాడేది నేనొక్కణ్నే, నాకైతే సరిపోయింది. జిన్నింగ్ మిల్లులో ముగ్గురితో ఒకేసారి ఎంట్రీ చేయించే మా బావకు మాత్రం దీన్ని తీసుకోమని చెప్పలేదు.