సోరియాసిస్ తగ్గిందా లేదా: ఫొటోనా, అరచేయి లెక్కా, పాసీ స్కోరా?

సోరియాసిస్ అంటే ఒంటిమీద పొలుసుల మచ్చలు లేచే చర్మ జబ్బు. దానికి మందు మొదలుపెట్టే ముందు హన్మకొండలో మా ఇంటి గడప దగ్గర, ఎండలో నిలబడి మోచేతుల ఫొటో తీసుకున్నాను. మూడు నెలలకు ట్యూబ్‌లైట్ కింద ఇంకోటి. పక్కపక్కన పెడితే సగం తగ్గినట్టే కనిపించింది, ఇంట్లో అందరికీ చూపించుకున్నాను కూడా. మళ్లీ అదే గడప దగ్గర తీస్తే తెలిసింది, తగ్గింది జబ్బు కాదు, వెలుతురు.

అరచేయి లెక్క అంతకంటే నయం. వేళ్లతో కలిపి మన అరచేయి సుమారుగా ఒంట్లో 1 శాతం, మచ్చలన్నీ కలిపితే ఎన్ని అరచేతులవుతాయో చూసుకోవడమే. కాకపోతే మందం తగ్గినా, పొలుసులు రాలడం ఆగినా ఈ అంకె కదలదు.

అవి పట్టుకునేది పాసీ స్కోరు, 1978 నుంచి వాడుకలో ఉంది. తల, చేతులు, మొండెం, కాళ్లు విడివిడిగా చూసి ఎరుపు, మందం, పొలుసులకు 0 నుంచి 4 దాకా మార్కులు వేసి, ఎంత మేర పాకిందో దాంతో హెచ్చిస్తారు, మొత్తం 72. పాసీ 75 అంటే స్కోరు 75 శాతం తగ్గడం, 20 నుంచి 5కి దిగినట్టు. మన చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు కాస్తా గోధుమ రంగులోనో ఊదాగానో కనబడుతుంది కాబట్టి చూసేవాళ్లకు అనుభవం ఉండాలి. తగ్గాక మిగిలే నల్లమచ్చ కూడా జబ్బు కాదు, వేలితో తడిమితే నున్నగా ఉంటే చాలు.

కానీ పాసీకి పెద్ద లోటుంది. రెండు అరచేతులకే వచ్చిందనుకోండి, ఎరుపు, మందం, పొలుసులు మూడింటికీ మూడేసి మార్కులు వేసినా స్కోరు 3.6 దగ్గరే ఆగుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు ఎత్తే మనిషికి పగిలిన అరచేతులతో అది చిన్న జబ్బా? అందుకే చర్మ జబ్బు రోజువారీ బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే పది ప్రశ్నల డీఎల్‌క్యూఐ ఉంది, దురద, సిగ్గు, పని, బట్టలు, సంసారం అన్నీ అడుగుతుంది, స్కోరు 0 నుంచి 30, పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువన్నట్టు.

నా ఓటు అయితే ఇంట్లో నెలనెలా అరచేయి లెక్క, డీఎల్‌క్యూఐ. పాసీ మాత్రం డాక్టర్‌తో మొదటి డోసుకు ముందే చిట్టీ మీద రాయించుకోండి, ఆ అంకె లేకుండా తర్వాత ఎంత శాతం తగ్గిందో ఎవరూ చెప్పలేరు. నేను రాయించుకోలేదు.

చాలామందికి ఇది చలికాలంలో ముదిరి ఎండాకాలంలో నెమ్మదిస్తుంది, కాబట్టి సంక్రాంతి నాటి అంకెను మే నెలదానితో పోలిస్తే అందులో మందు వాటా ఎంతో, మా ఓరుగల్లు ఎండ వాటా ఎంతో తేల్చడం కష్టం.