ఉద్యోగాన్ని కాపాడాలా, ఉద్యోగిని ఆదుకోవాలా: ఏది మేలు?

కంపెనీకి పని తగ్గినప్పుడు ప్రభుత్వం రెండు చోట్ల సాయం చేయవచ్చు. ఉద్యోగం పోకముందే జీతాల భారంలో కొంత మోయడం ఒక పద్ధతి. పోయాక మనిషి చేతికి నేరుగా కొంత డబ్బు ఇవ్వడం మరొకటి. 2020 కరోనా దెబ్బకు జర్మనీ మొదటి దారి పట్టింది, అమెరికా ఎక్కువగా రెండో దారిన నడిచింది.

జర్మనీ పద్ధతి పేరు కుర్జ్‌ఆర్బైట్. యజమాని మనుషులను తీసేయకుండా పని గంటలు తగ్గిస్తాడు. కోత పడిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం నిరుద్యోగ బీమా నిధి భరిస్తుంది. మామూలు రోజుల్లో ఉద్యోగి, యజమాని చెరిసగం కట్టిన చందాలతో పోగైన నిధి అది. 2020 ఏప్రిల్‌లో సుమారు 60 లక్షల మంది ఈ ఏర్పాటు కింద ఉన్నారు. అంత సంక్షోభంలోనూ అక్కడి నిరుద్యోగం 6 శాతం దగ్గరే నిలిచింది. అదే నెలలో అమెరికాలో అది 14 శాతం దాటింది. ఆర్డర్లు తిరిగి వచ్చిన రోజున జర్మన్ ఫ్యాక్టరీ పాతవాళ్లతోనే యంత్రాలు నడిపింది. మళ్లీ ప్రకటనలు ఇవ్వడం, కొత్తవారికి పని నేర్పడం అనే ఖర్చు యజమానికి తప్పింది. ఈ లాభం లెక్కల్లో సరిగా కనిపించదు కానీ చిన్న పరిశ్రమ నడిపేవారికి దాని విలువ తెలుసు.

అమెరికా మామూలు నిరుద్యోగ భృతికి తోడు వారానికి 600 డాలర్లు జూలై ఆఖరు వరకు ఇచ్చింది. తక్కువ జీతగాళ్లలో చాలామందికి అది పోయిన జీతం కంటే ఎక్కువ. అద్దెలు కట్టుకున్నారు, ఇల్లు గడిచింది. కాబట్టి ఆ దారి పనికిరానిదని అనలేం. చిక్కల్లా అందజేతలో వచ్చింది. దరఖాస్తులు ఒక్కసారిగా వచ్చిపడేసరికి రాష్ట్రాల పాత కంప్యూటర్లు చతికిలబడ్డాయి. వాటిలో వాడిన పాత ప్రోగ్రామింగ్ భాష కోబాల్ తెలిసినవారు ముందుకు రావాలని న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా అడగాల్సి వచ్చింది. వై2కే రోజుల్లో మనవాళ్లలో ఎందరినో అమెరికా విమానం ఎక్కించిన భాష అదే!

అమెరికా మొదటి దారినీ పట్టి చూసింది. జీతాలకు ఖర్చు పెడితే తీర్చనక్కరలేని అప్పులను బ్యాంకుల ద్వారా చిన్న సంస్థలకు దాదాపు 80 వేల కోట్ల డాలర్ల మేర ఇచ్చింది. నిజంగా ఉద్యోగం పోయే ప్రమాదంలో ఉన్నవారికి చేరింది అందులో మూడో వంతుకు మించదని డేవిడ్ ఆటర్, ఆయన సహచర ఆర్థికవేత్తలు తర్వాత అంచనా వేశారు. జర్మనీ కోల్పోయిన పని గంట లెక్కన ఇచ్చింది. అమెరికా పని తగ్గిందా లేదా అని పెద్దగా చూడకుండానే ఇచ్చింది. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద వెళ్లిన తెలుగువారికైతే ఉద్యోగం పోయాక భృతి దాదాపు అందని పండే. మరో యజమానిని వెతుక్కోవడానికి 60 రోజుల గడువు మాత్రం ఉంటుంది.

అలాగని జర్మనీ పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. గిరాకీ తిరిగి వస్తుందనుకున్నప్పుడే అది పనికొస్తుంది. పరిశ్రమే మారిపోతుంటే, రేపు ఉండని ఉద్యోగానికి ఇవాళ జీతం పోసినట్టవుతుంది. 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. అలాంటి చోట కార్మికుడికి కావలసింది కొత్త పని నేర్చుకునే వ్యవధి, అంతవరకు ఇల్లు గడిచే డబ్బు.

ఇక మన సంగతి. పని తాత్కాలికంగా ఆగితే కనీసం 50 మంది ఉన్న ఫ్యాక్టరీ సాధారణంగా మూలవేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలని మన చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. చూడటానికి జర్మనీ ఏర్పాటులాగే ఉంటుంది, కానీ ఇక్కడ ఇవ్వాల్సింది నిధి కాదు, అప్పటికే చేతిలో డబ్బు ఆడని యజమాని. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది. తెలంగాణ ప్రభుత్వం రాయితీలు ఇవ్వగా, జేకే పేపర్ చేతికి వచ్చి 2018లో తెరుచుకుంది. మిల్లు బతకడం మంచిదే. ఆ నాలుగేళ్లు కార్మికుల ఇళ్లు ఎలా గడిచాయన్న ప్రశ్నకు రాయితీల్లో జవాబు లేదు.

రెండో దారిలో మనకు రెండు పథకాలున్నాయి, రెండూ కార్మికుల బీమా సంస్థ ఈఎస్ఐవే. 2018 జూలైలో మొదలై, గడువు పొడిగిస్తూ వస్తున్న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు ఇస్తారు. 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం తొలగించినా మొదటి ఏడాది సగం, రెండో ఏడాది పాతిక శాతం ఇస్తుంది. నెలకు 20,000 సంపాదించేవారికి మొదటిదానిలో వచ్చేది మొత్తం 30,000. రెండోదానిలో రెండేళ్లకు 1,80,000 దాకా వస్తుంది. తేడా ఇంత ఉన్నా రాజీవ్ పథకం పేరు విన్నవారు తక్కువ. జీతం 21,000 దాటి ఈఎస్ఐలో లేని ఐటీ ఉద్యోగికి రెండూ వర్తించవు, తన పీఎఫ్ తనే తీసుకుని తినాలి.

తుపాను వచ్చి పోయే రకం కష్టానికి జర్మనీ దారే మేలని నా అభిప్రాయం. కానీ మన దగ్గర మాత్రం ముందు మనిషిని ఆదుకునే ఏర్పాటే గట్టిపడాలి. ఫ్యాక్టరీలో పనిచేసేది ఒకరు, రికార్డుల్లో యజమానిగా కనిపించే కాంట్రాక్టరు మరొకరు అయినచోట కంపెనీకిచ్చిన సాయం కార్మికుడి దాకా దిగదు. ఈఎస్ఐ నంబరు మాత్రం కార్మికుడి పేరు మీదే ఉంటుంది, కాంట్రాక్టరు మారినా మారదు. అందుకే 90 రోజుల పరిమితిని పెంచడం, 21,000 గీతను పైకి జరపడం, కొత్త రాయితీల కంటే ముందు జరగాల్సిన పనులు.

అంతవరకు ఉన్నదాన్నైనా పోగొట్టుకోకుండా చూసుకోవాలి. తీసేసేటప్పుడు యాజమాన్యాలు తరచు రాజీనామా పత్రం మీద సంతకం అడుగుతాయి, అనుభవ పత్రంలో మచ్చ ఉండదని నచ్చజెబుతాయి. ఆ సంతకం పడితే కాగితం మీద అది తొలగింపు కాదు, రాజీవ్ పథకానికి దారి మూసుకుపోతుంది. ఈఎస్ఐలో ఉన్నవారు తొలగింపు ఉత్తర్వు రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి.