వీఎఫ్‌ఎల్ ఆడని హీరోలకు ముందు గది ఇచ్చిన షాపు (అడిలైడ్ ఫుటీ పాత సామాన్ల షాపు, నా రివ్యూ)

వీఎఫ్‌ఎల్ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (ఫుటీ)లో మెల్‌బోర్న్ చుట్టూ నడిచిన విక్టోరియా రాష్ట్ర లీగ్, తర్వాత అదే దేశమంతటి ఏఎఫ్‌ఎల్ అయింది. ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. వారానికి రెండు రోజులే తెరుస్తారు, నడిపేది ఒక్క పెద్దాయనే, దయచేసి ఆన్‌లైన్‌లో పేరు పెట్టొద్దని నాతో అన్నారు. అడిలైడ్‌లో ఉండి నిజంగా వెళ్లాలనుకునేవాళ్లు మెసేజ్ చేయండి, అడ్రస్ చెప్తాను.

రెండు గదుల షాపు. పాత గెర్న్సీలు (ఆటగాళ్ల జెర్సీలు), కార్డులు, ఫోటోలు, పేపర్ కటింగ్‌లు, మ్యాచ్ రోజు గ్రౌండ్‌లో అమ్మే పుస్తకాలు (ఇక్కడ వాటిని బడ్జెట్ అంటారు), అన్నీ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌వే. ఇలాంటి షాపులు నేను మెల్‌బోర్న్‌లో కూడా నాలుగైదు చూశాను. అక్కడ ఎదురుగా ఏఎఫ్‌ఎల్ సరుకు ఉంటుంది, సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా లీగుల సామాను మాత్రం ఏదో ఒక అట్టపెట్టెలో కలగాపులగంగా పడి ఉంటుంది. ఈయన దగ్గర అలా కాదు. ముందు గది మొత్తం ఎస్‌ఏఎన్‌ఎఫ్‌ఎల్ (సౌత్ ఆస్ట్రేలియా లీగ్), క్లబ్బుల వారీగా సర్ది ఉంటుంది. రెండో గదిలో సగం డబ్ల్యూఏఎఫ్‌ఎల్ (వెస్టర్న్ ఆస్ట్రేలియా లీగ్), దాని పక్కన టాస్మానియాకి ఒక అర, ఏఎఫ్‌ఎల్ వస్తువులు చివర్లో ఒక మూల. ఒక్కో లీగులో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే మెడల్స్ పట్టిక కూడా గోడకి పాతదాని నుంచి కొత్తదానికి వరసగా పెట్టారు: 1898లో మొదలైన సౌత్ ఆస్ట్రేలియా మగారీ మెడల్, 1921 నాటి వెస్టర్న్ ఆస్ట్రేలియా సాండోవర్, ఆ తర్వాతే 1924 నాటి వీఎఫ్‌ఎల్ బ్రౌన్‌లో. ఇన్నేళ్లు ఇక్కడ ఉండి కూడా బ్రౌన్‌లోనే అన్నిటికన్నా పాతదేమో అనుకునేవాడిని నేను.

అసలు వెళ్లింది మా వాడి కోసం. పదకొండేళ్లు, జూనియర్ క్లబ్బులో ఆడతాడు, గోల్ కొట్టడమంటే ప్రాణం. కార్డుల డబ్బా తిరగేస్తూ నాకు పాఠం చెప్తున్నాడు, చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ టోనీ లాకెట్‌వి, 1360 అని. పెద్దాయన కౌంటర్ వెనక నుంచి విన్నారు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఒక స్క్రాప్‌బుక్ తెచ్చి, మా వాడి చేతులు శుభ్రంగా ఉన్నాయా లేదా చూసి, తెరిచి వాడి ముందు పెట్టారు.

ఆ పుస్తకం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోవద్దు. గోధుమరంగు కాగితాలు, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, అంటించిన జిగురు పసుపు మరకలై పైకి తేలింది. 1929లో నార్త్ అడిలైడ్ క్లబ్బుకి కెన్ ఫార్మర్ అనే కుర్రాడు ఆడటం మొదలుపెట్టినప్పటి నుంచి 1941లో మానేసేదాకా వచ్చిన వార్తల కటింగ్‌లు, ప్రతి పేజీ పక్కన పెన్సిల్‌తో గీసిన మూడు గళ్లు: ఏ వారం, ఎవరితో మ్యాచ్, ఎన్ని గోల్స్. మొదటి పేజీల్లో చేతిరాత చిన్నపిల్లలది, గీతల మీద గుండ్రంగా, కష్టపడి రాసినట్టు. పోను పోను అక్షరాలు చిన్నవవుతాయి, వంపు తిరుగుతాయి, చివరికొచ్చేసరికి అది పెద్దవాళ్ల రాత. బడిలో ఉండగా మొదలుపెట్టిన ఎవరో ఒకరు ఆ ఆటగాడితోపాటే పెరిగి పెద్దయ్యారన్నమాట. 1940 పేజీలో వెస్ట్ టోరెన్స్‌తో ఆడిన మ్యాచ్ పక్కన 23 అని రాసి కింద రెండు గీతలు గీశారు, గీత ఎంత గట్టిగా పడిందంటే అక్కడ కాగితం చిరిగింది. ఒక్క మ్యాచ్‌లో ఒక్క మనిషి 23 గోల్స్! వీఎఫ్‌ఎల్, ఏఎఫ్‌ఎల్ చరిత్ర మొత్తం వెతికినా రికార్డు 1947లో ఫ్రెడ్ ఫానింగ్ కొట్టిన 18.

మా వాడు ఫోన్ తీసి కెన్ ఫార్మర్ లెక్క చూశాడు. 224 మ్యాచ్‌లు, 1417 గోల్స్. 1930 నుంచి 1940 దాకా వరసగా 11 సీజన్లు, ఏ సీజన్‌లోనూ వందకి తగ్గలేదు. లాకెట్ వీఎఫ్‌ఎల్, ఏఎఫ్‌ఎల్‌లో 281 మ్యాచ్‌లు ఆడాడు. నేను లాకెట్‌ని తక్కువ చేయడం లేదు, ఆయన ఆట చూసినవాళ్లెవరూ ఆ పని చేయరు. కానీ "చరిత్రలో అందరికన్నా ఎక్కువ" అని మా పిల్లాడు అంత నమ్మకంగా చెప్పాడంటే, చరిత్ర అనే మాటకి వాడికి ఎవరో ఒక లీగ్ పేరే నేర్పారు. అదీ వీడు పుట్టి పెరుగుతున్నది సౌత్ ఆస్ట్రేలియాలో. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అచ్చం అదే. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

ఎవరైనా మెల్‌బోర్న్ వెళ్లలేదంటే అంత సత్తా లేదేమో అని చాలామంది అనుకుంటారు. ఈ షాపులో ఓ గంట కూర్చుంటే అది ఎంత తప్పో అర్థమవుతుంది. సౌత్ ఆస్ట్రేలియా పోటీ 1877లో మొదలైంది, వీఎఫ్‌ఎల్ 1897లో. 1990ల దాకా కూడా చాలామందికి ఫుటీ ఒక్కటే బతుకుతెరువు కాదు, అంతకుముందైతే పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఉద్యోగం, ఇల్లు, కన్నవాళ్లు అన్నీ ఇక్కడ ఉంటే, సొంత క్లబ్బు క్లియరెన్స్ (వేరే క్లబ్బుకి వెళ్లడానికి అనుమతి) ఇస్తే తప్ప కదలడానికి వీల్లేని రోజుల్లో, ఊరు వదిలి వెళ్లకపోవడం చేతకానితనం ఎలా అవుతుంది?

బారీ రాబ్రన్ ఫోటో దగ్గర పెద్దాయన ఈ విషయమే చెప్పారు, చెబుతుంటే ఆయన గొంతు కొంచెం పైకి లేచింది. రాబ్రన్ వయాలాలో పుట్టి నార్త్ అడిలైడ్‌కి 201 మ్యాచ్‌లు ఆడాడు, 1968, 1970, 1973లో మగారీ మెడల్ గెలిచాడు, రాష్ట్రానికి క్రికెట్ కూడా ఆడాడు, వీఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1972లో వీఎఫ్‌ఎల్ చాంపియన్ కార్ల్‌టన్ అడిలైడ్ ఓవల్‌కి వచ్చి, చాంపియన్‌షిప్ ఆఫ్ ఆస్ట్రేలియా (రాష్ట్రాల చాంపియన్ క్లబ్బుల మధ్య పోటీ) మ్యాచ్‌లో రాబ్రన్ ఉన్న నార్త్ అడిలైడ్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయింది. 1974లో రాష్ట్ర మ్యాచ్‌లో మోకాలు దెబ్బతినకపోతే ఆయన ఆట ఇంకెక్కడికి వెళ్లేదో. 2001లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లెజెండ్ (అన్నిటికన్నా పై హోదా) చేశారు, వీఎఫ్‌ఎల్ అసలు ఆడకుండా ఆ స్థాయికి వెళ్లిన మొదటి మనిషి ఆయనే.

నేను కొన్నది ఆ ఫోటోనే, ఫ్రేముతో 160 డాలర్లు. అడుగున సంతకం ఉంది. అది చేతి సంతకం కాదు, అచ్చు వేసింది అని నేను అడగకముందే ఆయన చెప్పారు, చెప్పడమే కాదు, ఫ్రేము వెనక పెన్‌తో రాసి పెట్టారు. వేరే చోట ఒకాయన ఇలాంటిదే నాకు ఒరిజినల్ అని అంటగట్టబోయాడు, కాబట్టి ఈ ఒక్క పనికే ఈ షాపుకి నా దగ్గర ఒక స్టార్ ఎక్కువ. దాంతోపాటు 1972 సీజన్ బడ్జెట్ ఒకటి తీసుకున్నాను, 45 డాలర్లు. పిన్ను తుప్పు పట్టింది, లోపల ఎవరో స్కోరు రాసుకుంటూ మూడో క్వార్టర్ దగ్గర ఆపేశారు.

ఇక బాగోలేని సంగతులు. ధరల చీటీలు సగం వస్తువుల మీద లేవు, ప్రతిదీ అడగాలి, అడిగితే ఆయన ధర చెప్పే ముందు కథ చెప్తారు, నాకు ఇష్టమే కానీ టైం లేనివాళ్లకి ఇబ్బంది. కార్డు తీసుకోరు, క్యాష్ మాత్రమే, ఆ సంగతి బయట ఎక్కడా రాసి లేదు, నేను ఏటీఎం కోసం పది నిమిషాలు నడిచి వెళ్లొచ్చాను. ప్యాకింగ్ మరీ ఘోరం. ఫ్రేముకి ఒక్క పొర న్యూస్‌పేపర్ చుట్టి ఇచ్చారు, ఇంటికొచ్చేసరికి అద్దం మూల పగిలింది. మర్నాడు ఫోన్ చేస్తే తెమ్మన్నారు, డబ్బులు తీసుకోకుండా అద్దం మార్చారు, కానీ దానికి మళ్లీ వచ్చే వారం దాకా ఆగాల్సి వచ్చింది. మీరు వెళ్తే పాత దుప్పటి ఒకటి కారులో వేసుకుని వెళ్లండి.

రెండో గదిలోని వెస్టర్న్ ఆస్ట్రేలియా సామాను గురించి చెప్పకపోతే తప్పు. సౌత్ ఫ్రీమాంటిల్ అరలో స్టీఫెన్ మైకేల్ కార్డులు వరసగా ఉన్నాయి. 243 మ్యాచ్‌లు, 1980, 1981లో వరసగా రెండు సాండోవర్‌లు, 1983లో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకి కెప్టెన్, ఈయన కూడా వీఎఫ్‌ఎల్ మెట్లెక్కలేదు. ఆ అర పైన గోడకి ఒక పాత స్కోరు కాగితం అంటించి ఉంది: 1977 అక్టోబర్, పెర్త్‌లోని సూబియాకో గ్రౌండ్, వెస్టర్న్ ఆస్ట్రేలియా 151, విక్టోరియా 57. మా వాడు అదేంటని అడిగాడు. అప్పటిదాకా రాష్ట్ర మ్యాచ్‌లలో ఎవరు ఏ లీగులో ఆడుతుంటే ఆ రాష్ట్రానికే ఆడాలి, అంటే పెర్త్ కుర్రాడు మెల్‌బోర్న్ క్లబ్బుకి వెళ్తే విక్టోరియా జెర్సీ వేసుకుని సొంత ఊరి మీదే ఆడేవాడు. అలా దశాబ్దాల పాటు మనవాళ్లని తీసుకుని మనల్నే ఓడించి, చూశారా మా లీగే గొప్ప అన్నారు. పుట్టి పెరిగి ఆట నేర్చుకున్న రాష్ట్రానికే ఆడనివ్వండి అని మొదటిసారి పెట్టిన స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్ అది. 94 పాయింట్ల తేడా! మా వాడు ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని వాళ్ల టీం గ్రూపులో పెట్టాడు.

తర్వాతి ఆదివారం వాణ్ని అడిలైడ్ ఓవల్ బయట ఉన్న విగ్రహాల దగ్గరికి తీసుకెళ్లాను. ఇన్నేళ్లుగా క్రికెట్‌కి వెళ్లేటప్పుడు వాటి పక్కనుంచే నడిచాను, కెన్ ఫార్మర్ విగ్రహం, రాబ్రన్ విగ్రహం అక్కడే ఉన్నాయి, ఆగి పేరు చదివింది మాత్రం అదే మొదటిసారి. పోర్ట్ అడిలైడ్ క్లబ్బు ఆటగాడు రసెల్ ఎబర్ట్ విగ్రహం కింద మా వాడు ఎక్కువసేపు నిలబడ్డాడు. నాలుగు మగారీ మెడల్స్, అన్ని గెలిచింది ఆయనొక్కడే. వీఎఫ్‌ఎల్‌లో నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బుకి 1979లో ఒక్క సీజన్ వెళ్లి తిరిగొచ్చి, 1980లో నాలుగోది గెలిచాడు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర ప్యాకింగ్ వల్ల పోయింది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, క్యాష్ పెట్టుకోండి, కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. స్క్రాప్‌బుక్ కొనాలని మాత్రం అడగొద్దు, నేను అడిగాను, అది అమ్మకానికి కాదు, చూడాలంటే చూపిస్తారు. చివరి పేజీ 1941 సీజన్‌ది, తర్వాతి ఏడాది యుద్ధం వల్ల క్లబ్బుల్ని జతలుగా కలిపి ఆడించారు, ఫార్మర్ లేడు, పుస్తకంలో మిగిలిన పేజీలన్నీ ఖాళీ. ముందు గదిలో ఎడమవైపు మూడో ర్యాక్ కింద వెస్ట్ టోరెన్స్ అని రాసిన పెట్టె ఒకటి ఉంది, 327 మ్యాచ్‌లు ఆడి మూడు మగారీలు గెలిచిన లిండ్సే హెడ్ క్లబ్బు, తర్వాత వుడ్‌విల్‌తో కలిసిపోయింది. ఆ పెట్టెలో ఏముందో ఆయన ఇంకా సర్దలేదట, వచ్చే నెల మా వాణ్ని సాయం రమ్మన్నారు.