మా చీరల దుకాణానికి ఎంచుకున్న పేమెంట్ గేట్‌వే: రేజర్‌పే

మంగళగిరి చేనేత చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే మా చిన్న దుకాణానికి పేమెంట్ గేట్‌వేను (కొనేవారు ఆన్‌లైన్‌లో కట్టిన సొమ్మును మన ఖాతాకు చేర్చే సేవను) ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసింది కమీషన్ శాతాన్నే. కానీ చూడవలసింది చివరికి మన ఖాతాలో ఎంత జమవుతుంది, ఎన్నాళ్లకు జమవుతుంది అన్నదని తరువాత అర్థమైంది.

రేజర్‌పే సాధారణ ప్లాన్‌లో చెల్లింపుపై 2 శాతం రుసుము, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ ఉంటాయి కాబట్టి, 5,000 రూపాయల చీర అమ్మితే 118 రూపాయలు పోగా 4,882 రూపాయలు చేతికి వస్తాయి. యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపుపై వ్యాపారి నుంచి తీసుకునే రుసుము) లేదు గనుక గేట్‌వేలోనూ అది ఉచితమేనని చాలామంది అనుకుంటారు, కానీ గేట్‌వే సంస్థ తన సేవకు వేరుగా రుసుము తీసుకోవచ్చు. ఒప్పందంలో ఆ భాగాన్ని తప్పక చదవాలి. వెబ్‌సైట్ లేనివారికి పేమెంట్ లింక్ ఎంతో మేలు. వాట్సాప్‌లో చీర ఫొటో కింద లింక్ పెడితే, కొనేవారు అక్కడికక్కడే యూపీఐతోనో కార్డుతోనో కట్టేస్తారు.

అంతకుముందు మేము వాడిన మరొక సంస్థ, సరిగ్గా పండగ అమ్మకాలు పెరిగిన వారంలో, పత్రాల పరిశీలన పేరుతో మా సొమ్మును 11 రోజులు ఆపింది. నేతన్నకు కూలి ఇవ్వడానికి అప్పు చేయవలసి వచ్చింది. అందుకే పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ పత్రాలలో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ముందే సరిచూసుకోండి. చీర వెనక్కి వచ్చినప్పుడు కొన్నవారికి పూర్తి సొమ్ము ఇచ్చినా, గేట్‌వే రుసుము సాధారణంగా మనకు తిరిగి రాదు. దాన్ని కూడా ధరలో కలుపుకున్నాకే మా నెలాఖరు లెక్కలు సరిపోయాయి.