మారతహళ్లిలో ఒక అడ్మిషన్ల కన్సల్టెన్సీ: బీబీఏ సీటు, మెరిట్ స్కాలర్‌షిప్, మూడేళ్ల లెక్క

బెంగళూరులోని మారతహళ్లి ప్రాంతంలో తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే ఒక అడ్మిషన్ల కన్సల్టెన్సీ సేవను మా తమ్ముడి కూతురి కోసం తీసుకున్నాం. అనంతపురంలో ఎంఈసీతో ఇంటర్ పూర్తిచేసి, మంచి మార్కులు తెచ్చుకుని, బెంగళూరులో బీబీఏ గానీ బీకాం గానీ చదవాలనుకుంటున్న అమ్మాయికి తక్కువ ఫీజూ మెరిట్ స్కాలర్‌షిప్పూ రెండూ ఉన్న కాలేజీలను వెతికిపెట్టడమే వాళ్లకు అప్పగించిన పని. రుసుము ఎనిమిది వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అడగకుండానే రసీదు ఇచ్చారు. కింద చెప్పబోయే లోపాలు ఈ వ్యాపారంలో చాలాచోట్ల కనిపించేవే కనుక సంస్థ పేరు రాయడం లేదు.

ముందుగా వాళ్లు బాగా చేసిన పని చెప్పాలి. కౌన్సెలర్ తెలుగులోనే ఓపికగా మాట్లాడారు. ఊరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి అడిగిన సందేహాలకు కూడా విసుక్కోకుండా జవాబిచ్చారు. 2024-25 విద్యా సంవత్సరం నుంచి బీబీఏ కోర్సు సాంకేతిక, మేనేజ్‌మెంట్ చదువులకు అనుమతులిచ్చే కేంద్ర మండలి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చిందన్న సంగతి వాళ్లే చెప్పి, జాబితాలోని కాలేజీల అనుమతులను మా ఎదుటే కంప్యూటర్లో చూపించారు. అనుమతి ఉన్న కాలేజీల్లో బీబీఏ, బీసీఏ, బీఎంఎస్ చదివే అమ్మాయిల కోసం ఏఐసీటీఈ ప్రవేశపెట్టిన, ఏటా 25 వేల రూపాయలిచ్చే సరస్వతి స్కాలర్‌షిప్ గురించి మేం మొదట విన్నది కూడా అక్కడే.

చిక్కంతా జాబితాలో ఉంది. అందులో ఉన్నవన్నీ ప్రైవేటు విశ్వవిద్యాలయాలూ, ప్రైవేటు కాలేజీలే. నగరం మధ్యలో, కామర్స్, మేనేజ్‌మెంట్ చదువుల కోసమే ఉన్న ప్రభుత్వ ఆర్.సి. కాలేజీ ఆ కాగితంలో ఎక్కడా లేదు. తక్కువ ఫీజు అని నోరు తెరిచి అడిగినవారికి ప్రభుత్వ కాలేజీ పేరు ఒక్కటైనా చెప్పకపోవడం నాకు విడ్డూరంగా తోచింది. కారణం ఊహించడం కష్టం కాదు. కర్ణాటకలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల ప్రవేశాలు ఆ రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికైన యూయూసీఎంఎస్ పోర్టల్ ద్వారా జరుగుతాయి కాబట్టి అక్కడ మధ్యవర్తికి దక్కేది ఏమీ ఉండదు. కొన్ని ప్రైవేటు కాలేజీలు మాత్రం చేర్పించిన విద్యార్థికి ఇంత అని కన్సల్టెన్సీలకు ముట్టజెబుతాయి.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. ‘యాభై శాతం మెరిట్ స్కాలర్‌షిప్’ అని పెద్ద అక్షరాలతో వేసిన ఒక కాలేజీ కరపత్రాన్ని కౌన్సెలర్ అందరికంటే ముందు మా చేతిలో పెట్టారు. నియమాలు చదివితే ఆ తగ్గింపు మొదటి ఏడాది ట్యూషన్ ఫీజుకే పరిమితమనీ, తరువాతి సంవత్సరాల్లో సీజీపీఏ (మార్కుల సగటు గ్రేడు) నిలబెట్టుకున్నవారి విషయం ‘పరిశీలిస్తారు’ అనీ, హాస్టల్, పరీక్ష ఫీజులకు దీనితో సంబంధం లేదనీ తెలిసింది. ఏడాదికి రెండు లక్షలు తీసుకునే చోట మొదటి ఏడాది సగం తగ్గించినా మూడేళ్లకు ఐదు లక్షలవుతుంది. ఏ స్కాలర్‌షిప్పూ లేకుండా లక్షన్నర తీసుకునే చోట నాలుగున్నర లక్షలతో డిగ్రీ చేతికొస్తుంది. ఈ కూడిక వేసి చూపించడం కన్సల్టెన్సీ పని కదా! రెండుసార్లు గుర్తుచేశాకే సంవత్సరాల వారీగా ఫీజుల పట్టిక మెయిల్ చేశారు. అయితే ఆ పట్టిక మాత్రం నిజంగా బాగుంది, రుసుములో సగమైనా దానికే ఇచ్చామనుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం ఇంటర్ మార్కుల ఆధారంగా ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఊసే వాళ్లు ఎత్తలేదు. తమ బోర్డులో 80వ పర్సంటైల్‌కు పైన, అంటే మొదటి 20 శాతం మందిలో నిలిచి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షలకు మించని విద్యార్థులు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే డిగ్రీ చదివే మూడేళ్లూ ఏటా 12 వేలు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడతాయి. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేవారికి ఇది వర్తించదు. మొత్తం చిన్నదే, కానీ కాలేజీ దయతో పనిలేనిది.

‘సీట్లు అయిపోతున్నాయి, ఈరోజే అడ్వాన్సు కట్టండి’ అన్న ఒత్తిడి కూడా ఉంది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు గానీ అంతకన్నా ముందు గానీ మానుకుంటే, ఐదు వేలకు మించని ప్రాసెసింగ్ ఖర్చు పోను మిగతా ఫీజంతా వెనక్కి ఇవ్వాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదనీ విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఈ మాట నేను ఎత్తగానే ఆ తొందర కొంత తగ్గింది.

బెంగళూరు కొత్తై, ఇక్కడ ఎవరూ తెలిసినవాళ్లు లేని కుటుంబానికి ఈ సేవ ఉపయోగపడుతుంది. బెంగళూరులోనే ఉంటూ నాలుగు కాలేజీలు తిరగగలిగినవారికి అవసరం లేదు. నేనైతే అయిదుకు మూడు మార్కులిస్తాను. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో అక్కడ కూర్చోవడానికి కుర్చీ కూడా దొరకదు కాబట్టి, వెళ్లదలచినవారు పరీక్షలు ముగియగానే వెళ్లి, డబ్బు కట్టకముందే మూడేళ్ల ఫీజుల పట్టికను రాతపూర్వకంగా ఇస్తారో లేదో అడగండి.