అమ్మకానికి ముందు ప్లాన్ తనిఖీ: ఒక సర్వీసుపై సమీక్ష

హైదరాబాద్‌లో పాత ఫ్లాటు చేతులు మారేటప్పుడు లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసి లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్‌తోనే చాలామంది తృప్తిపడతారు. ఆస్తి ఎవరిదో అది చెబుతుందే తప్ప, కట్టడం మంజూరైన ప్లాన్ ప్రకారం ఉందో లేదో చెప్పదు. కూకట్‌పల్లిలోని మా ఫ్లాటును అమ్మకానికి పెట్టేముందు ఆ రెండో పని కోసమే, ఒక ఇంజినీరు, ఒక న్యాయవాది కలిసి నడుపుతున్న చిన్న సంస్థను ఆశ్రయించాము.

వారి పనిలో మెచ్చుకోదగినది క్షేత్ర పరిశీలన. జీహెచ్‌ఎంసీ మంజూరు చేసిన ప్లాన్ ప్రతిని దగ్గర పెట్టుకుని ఇంజినీరు నాలుగు వైపులా సెట్‌బ్యాకులను (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ జాగాను) టేపుతో కొలిచారు; స్టిల్టులో పార్కింగుకు వదలవలసిన చోట వెలసిన స్టోర్ రూమును, ప్లాన్‌లో ఎక్కడా లేని పెంట్‌హౌసును ఫొటోలతో సహా నివేదికకెక్కించారు. మా ఫ్లాటు వరకు తేడా బాల్కనీని గదిలో కలుపుకోవడం ఒక్కటే. కట్టడం ప్లాన్ ప్రకారం ఉంది, నివసించవచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) భవనానికి రాకపోవడానికి మాత్రం పెంట్‌హౌసే కారణమని తేల్చారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు రుణం ఇవ్వాలని స్పష్టం చేసినందున, కొనేవారు లోనుకు వెళ్తే మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

నాకు అన్నిటికంటే ఉపయోగపడినది మార్ట్‌గేజ్ భాగం. 2012 నాటి జీవో 168 ప్రకారం బిల్డరు నిర్మిత వైశాల్యంలో 10 శాతాన్ని, ప్లాన్ మీరనన్న హామీగా, జీహెచ్‌ఎంసీకి అఫిడవిట్ ద్వారా తనఖా రాసివ్వాలి. ఓసీ వచ్చేదాకా ఆ వాటా రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలోనే ఉంటుంది, అంటే అమ్మడానికి వీలుండదు. ఆ వాటాలోకి వచ్చే ఫ్లాట్ల నంబర్లను అఫిడవిట్‌లో నుంచి తీసి చూపి, అందులో మాది లేదని రాతపూర్వకంగా ఇచ్చారు.

చెరువు విషయంలో మాత్రం నివేదిక బలహీనంగా ఉంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు కట్టడాలు లేని బఫర్ వదలాలి. చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కొనేవారు అందరూ అడుగుతున్నది ఇదే అయినా, వీరు ‘సమీపంలో చెరువు కలదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. దూరం గుర్తించిన మ్యాపును గట్టిగా అడిగితే గాని జతచేయలేదు.

ఫీజు లీగల్ ఒపీనియన్‌కు అయ్యేదానికంటే ఎక్కువే. అయినా నివేదిక ప్రతిని కొనేవారి చేతికి ముందే ఇవ్వగలగడం వల్ల, బాల్కనీ సంగతి, ఓసీ సంగతి అడ్వాన్సు తీసుకున్నాక కాకుండా ధర మాట్లాడుకునేటప్పుడే తేలిపోయాయి.