విశాఖ ఇంటి పన్ను సేవ: కౌంటర్ ఇక్కడుంది, కళ్లెం ఢిల్లీలో ఉంది

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్ను కట్టడం ఇప్పుడు ఐదు నిమిషాల పని. రాష్ట్ర పురపాలక శాఖ సైట్‌లో విశాఖను ఎంచుకుని, పాత రసీదు మీదున్న అసెస్‌మెంట్ నంబర్ కొడితే బకాయి కనిపిస్తుంది. కౌంటర్లో కట్టే వీలూ ఉంది. పాతవాళ్లు ఆ కౌంటర్లను ఇప్పటికీ ‘సౌకర్యం’ అనే అంటారు. ఊరి కార్పొరేషన్ సొంతంగా పెట్టుకున్న సేవ పేరది.

ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ. అది ఈ ఏడాది కట్టాల్సిన పన్నుకే, పాత బకాయికి కాదు. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఖాతాలో డబ్బు పోయి రసీదు రాకపోతే వెంటనే మళ్లీ కట్టొద్దు, మర్నాడు బకాయి చూడండి. కట్టే పని వరకు రేటింగ్‌లో ఐదుకు నాలుగు చుక్కలు ఇవ్వొచ్చు.

పేచీ అంతా రేటు దగ్గరే. 2021 ఏప్రిల్ నుంచి పన్ను అద్దె విలువ మీద కాదు, మూలధన విలువ మీద, అంటే ఆస్తి మొత్తం విలువ మీద. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం అని హద్దులు రాష్ట్రం గీసింది. కౌన్సిల్ ఏం చేసినా వాటి మధ్యే. విలువేమో రిజిస్ట్రేషన్ శాఖ లెక్క. పాత ఇళ్లకు పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. వినడానికి ఊరటే, కానీ 4,000 పన్ను మొదటి ఏడాది 4,600, రెండో ఏడాది 5,290 దాకా పోవచ్చు.

రాష్ట్రానికి అంత తొందరెందుకు? 2020లో రాష్ట్రాలు తెచ్చుకునే అదనపు అప్పుకు కేంద్రం పెట్టిన షరతుల్లో పట్టణ సంస్కరణలొకటి: ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, నీటికి, మురుగుకు చార్జీలు సవరించాలి. అది పూర్తిచేసినందుకు ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన అప్పు అనుమతి 2,525 కోట్లు. కేంద్ర నిధుల పంపకం సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణ గ్రాంట్లకు కనీస రేట్ల షరతే పెట్టింది. హద్దుల జీవో వచ్చింది 2020 నవంబరులో. అప్పటికి విశాఖలో ఎన్నికైన కౌన్సిలే లేదు. పాతదాని గడువు 2012లో ముగిస్తే కొత్తదానికి పోలింగ్ 2021 మార్చి 10న జరిగింది. 74వ సవరణ స్థానిక సంస్థకు రాజ్యాంగంలో చోటిచ్చింది గానీ, ఏ పన్ను వేయొచ్చో చెప్పే పని శాసనసభకే వదిలేసింది. ఆ సందులోంచే ఇదంతా నడిచింది. ఈ పద్దుకు ఒక్క చుక్క, అదీ మొహమాటానికి.

బిల్లు ఎక్కువనిపిస్తే ముందు మూడు చూడండి: కొలిచిన విస్తీర్ణం, కట్టడం రకం, నివాసమా వ్యాపారమా. ఎక్కువగా తప్పులు దొర్లేది వీటిలోనే. ప్లాను నకలు, పాత రసీదు జతచేసి రివిజన్ పిటిషన్ (పన్ను మళ్లీ చూడమనే అర్జీ) పెడితే సరిచేస్తారు. అందులో రేటు హద్దుల మీద అభ్యంతరం రాస్తే మాత్రం, దాన్ని తీసుకునే అధికారి చేతిలో ఆ పెన్ను లేదు.